ఇప్పపూల కాలంలో అందరికీ జ్వరమే

ఇవాళ ఎవరిదో లీవ్ మెయిల్‌లో "సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" చూడగానే నాకు ఇప్పపూల వాసన వచ్చింది. టేకులపల్లి దోస్తులారా, గుర్తుందా? పూలు రాలే రోజుల్లో బడి ఎగ్గొట్టి, వాటిని ఏరడానికి అడవికి పోయేవాళ్లం. లీవ్ లెటర్లో మాత్రం అందరికీ జ్వరమే. 'సఫరింగ్' వెంట 'ఫ్రమ్' పెట్టాలని అదొక్కటే బట్టీ పట్టించారు మరి! మన బతుకు రాసుకునే ఇంగ్లీషు ఎవరు నేర్పారు?

మా పెద్దమ్మ బిడ్డ సమ్మక్క ఒకసారి సొంతంగా "ఐ వెంట్ టు ఫారెస్ట్ ఫర్ ఫ్లవర్స్" అని రాసింది.

"పూలకు లీవేందే? జ్వరమని రాయి. లేకుంటే పరీక్షకు కూసోనియ్య" అన్నాడు సారు.

"నాకు జరం రాలే సార్. పూలేరకుంటే ఇంట్ల పూట గడ్వది. గదే రాసిన."

సారు ఆ లెటర్ మీదే సంతకం పెట్టాడు. ఆ వారం నిజంగా జ్వరమొచ్చినవాడు కూడా తన లెటర్లో సమ్మక్క వాక్యమే ఎక్కించాడు.