టమాటా ఆకుల ముడత, మా అత్తమ్మ చేతులు

నిజామాబాద్‌లో మా ఇంటి డాబా మీద పెయింటు బకెట్లలో టమాటా మొక్కలు నాటింది నేనే గానీ, పెంచింది మా అత్తమ్మ. ఆమె పొద్దంతా ఒళ్లో పొగాకు చాట పెట్టుకుని బీడీలు చుడుతుంది. సాయంత్రం చాట పక్కన పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుని మెల్లగా మెట్లెక్కి వచ్చేది. పక్క పిలకలు గిల్లేది. వంగిన కొమ్మలకు చీర పీలికలు కట్టేది. ఒక్కో ఆకునూ తిప్పి చూసేది.

పూత మొదలయ్యే సమయానికి ఆకులు ముడుచుకోసాగాయి. లేత ఆకులు వెడల్పు కాకుండా దారాల్లా సాగాయి, మధ్యమధ్య పసుపు మచ్చలు. నీళ్లు ఎక్కువయ్యాయని మా ఆయన అన్నాడు. తగ్గించాను. దిష్టి అని అత్తమ్మ ఒక బకెట్టుకు పాత చెప్పు కట్టింది. నేను వేపనూనె కొట్టాను. చెప్పు కట్టిన మొక్కా, కట్టని మొక్కా ఒకే తీరుగా ముడుచుకున్నాయి.

బోధన్‌లో మా అమ్మగారింటికి పోయినప్పుడు ఒక కొమ్మను కవర్లో వేసుకుని పురుగుమందుల దుకాణానికి వెళ్లాను. చెరుకు రైతుల వెనక నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

"ఎన్నెకరాలక్కా?" అన్నాడు దుకాణదారు.

"ఏడు బకెట్లు."

అతను నవ్వలేదు. కొమ్మను వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఆకు కింద తెల్లదోమ ఉన్నదా?"

"లేదు. రోజు సూస్తనే ఉన్నం."

"ఇంట్ల బీడీ తాగేటోళ్లున్నరా?"

"తాగేటోళ్లు లేరు. చేసేటోళ్లున్నరు."

"గదే మరి. తంబాకుల ఉండే వైరసు చేతులకంటుకొని చెట్టుకొస్తది. దీనికి మందు లేదక్కా, పీకేసుడే."

కొమ్మ నాకిచ్చేసి పక్క రైతు వైపు తిరిగాడు.

ఇంటికొచ్చి చూశాను. కింద చోటు చాలక నీళ్ల ట్యాంకు గద్దె మీద పెట్టిన ఏడో బకెట్టు మొక్క ఒక్కటే ఆకులు చాపుకుని హాయిగా ఉంది. దాని దగ్గరికి ఇనుప నిచ్చెన ఎక్కి పోవాలి. అత్తమ్మ మోకాళ్లకు అది సాధ్యం కాదు.

ఈ సంగతి ఆమెకెలా చెప్పాలో తెలియక కొన్నాళ్లు ఊరుకున్నాను. ముడతలు పెరిగినకొద్దీ ఆమె ఇంకా ఎక్కువసేపు ఆకులు తడుముతోంది. చివరికి ఒక పూట అన్నాల దగ్గర చెప్పేశాను.

అత్తమ్మ తన చేతులు రెండూ తిప్పి చూసుకుంది.

"గీ చేతులతోనే నీ మొగన్ని సాదిన. వానికేం ముడతలు రాలే గదా."

మా ఆయన పప్పు కలుపుకుంటూ తల ఎత్తలేదు.

"మనుషులకు రాదత్తమ్మా. చెట్లకే."

"గట్లనా," అంది.

మర్నాడు పైకి రాలేదు. నేను మొక్కలు పీకేసే రోజు మాత్రం మెట్ల మీద నిలబడి, "వేర్లు సుత ఉంచకు," అంది.

మట్టి మార్చి కొత్త నారు పెట్టాను. కింద నల్లా దగ్గర ఒక సబ్బు పెట్టాను. ఎవరికోసమో చెప్పలేదు. కొన్ని రోజులకు సబ్బు తడిగా కనబడింది. పైకి వెళ్తే అత్తమ్మ మోచేతుల దాకా తడితో, మొక్కల మధ్య కూర్చుని పిలకలు గిల్లుతోంది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం నన్ను పైకి పిలిచింది. కింది ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయి ఉన్నాయి.

"నేను సబ్బుతోనే కడుక్కున్న బిడ్డా," అంది. ఆమె నాకు సంజాయిషీ ఇవ్వడం అదే మొదటిసారి. నాకు బాధనిపించింది.

వంగి చూశాను. మచ్చల్లేవు. లేత ఆకులు వెడల్పుగానే ఉన్నాయి.

"ఎండకత్తమ్మా. పొద్దుగూకినంక సూద్దాం."

పొద్దు గూకేదాకా ఇద్దరం ట్యాంకు నీడలో కూర్చున్నాం. చల్లబడ్డాక ఆకులు కొంచెం కొంచెంగా విచ్చుకున్నాయి.  మరునాడు అత్తమ్మ పాత కర్టెను తెచ్చి మొక్కలకు నీడ కట్టించింది.

మొదటి పండు ఆమే కోసింది. సగం కొరికి, "పులుపెక్కువున్నది," అని మిగతా సగం నాకిచ్చింది.