కుడివైపు అల్ఫా

పురానాపూల్ దగ్గరి మా చర్చిలో ఒక పాత రంగుటద్దాల కిటికీ ఉంది. పైన గొర్రెపిల్ల, అంటే ప్రభువు. దాని కాళ్ల కింద పక్కపక్కనే రెండు గ్రీకు అక్షరాలు, ఎడమవైపు అల్ఫా, కుడివైపు ఓమెగా. ఒకటి వాళ్ల అక్షరాల్లో మొదటిది, ఇంకోటి చివరిది. ఆదీ అంతమూ ఆయనేనని అర్థం. సండే స్కూల్లో పిల్లలకు ఏళ్లుగా ఇదే చెబుతున్నాను.

మొన్నటి గాలివానకు చట్రం వదులై ఆ అక్షరాలున్న రెండద్దాలూ ఊడొచ్చాయి. అఫ్జల్‌గంజ్‌లో అద్దాల పనిచేసే చాచాను నేనే పిలుచుకొచ్చాను. ముసలాయన నిచ్చెన ఎక్కి అడిగాడు.

"టీచరమ్మా, గీ రెంట్ల ఏది పహ్లా?"

గుర్రపు నాడాలా ఉన్నది చివరిదనీ, రెండోది మొదటిదనీ చెప్పి పూలకోసం గుడిమల్కాపూర్ వెళ్లాను. వచ్చేసరికి సీసం పట్టీలు బిగించేశాడు. అల్ఫా కుడివైపుంది!

నవ్వొచ్చింది. ఉర్దూ చదివే మనిషికి మొదలంటే కుడివైపే కదా. సరిగా చెప్పనిది నేను.

ఆదివారం ఆరాధన అయిందో లేదో సంఘ పెద్ద లొల్లి మొదలుపెట్టాడు. "మన సంగతి గాయనకేం తెలుస్తది? పీకిపిచ్చి మనోళ్లతోని పెట్టిపిస్త."

'మనోళ్లు' అన్న మాటకు నాకు ఒళ్లు మండింది. నిచ్చెన తీసుకెళ్లడానికొచ్చిన చాచా అక్కడే ఉన్నాడు, అంతా విన్నాడు.

"తీసి మల్ల పెడ్త సాబ్. గని పాత అద్దం, మల్ల పట్టీ ఇప్పితే పలుగుతది," అన్నాడు తల దించుకుని.

ఆయన తల దించుకోవడం నేను ఓర్చుకోలేకపోయాను. వెళ్లి నిచ్చెన మూడో మెట్టు మీద కూర్చున్నాను.

"అన్నా, తప్పు నాది. తిడితే నన్ను తిట్టు. అద్దం మీద మాత్రం చెయ్యి వెయ్యనియ్య."

"మరి పిల్లలకేం చెప్తవ్? అంతం ముందొచ్చి ఆది ఎనకొచ్చిందంటవా?"

"కుడి దిక్కుకెల్లి చదువుమంట. యేసయ్య చదివిన హెబ్రీ లేఖనాలు గట్లనే కుడికెల్లి రాసిన్రు. ఆయనకు లేని ఫికర్ మనకేంది?"

సంఘ పెద్ద బైబిలు చంకలో పెట్టుకుని గుమ్మం వైపు నడిచాడు. ఆయన బయటికి వెళ్లేదాకా నేను మెట్టు దిగలేదు. అప్పుడు చాచా తల ఎత్తాడు.

మరుసటి వారం క్లాసులో పిల్లలందరిచేతా కిటికీ కుడినుంచి చదివించాను. అందరికన్నా గట్టిగా చదివింది సంఘ పెద్ద మనవరాలే.