లేడీ ఆగస్టా వైపు రంగు

మా నాన్న ఆంబ్రోస్ పెట్టిఫర్ సత్రాలకు బోర్డులు, బళ్ల మీద పేర్లు రాసి బతికేవాడు. ప్రభువుల ఇంట్లో ఎవరైనా పోతే మాత్రం ఆయనకు పెద్దపని తగిలేది. పోయినవాళ్ల వంశచిహ్నం చెక్కపలక మీద నూనె రంగులతో వేస్తే, దాన్ని ఏడాదిపాటు ముఖద్వారం పైన వేలాడదీస్తారు. భర్త చిహ్నం ఒక సగంలో, భార్యది రెండో సగంలో. చనిపోయినవాళ్ల వెనక నలుపు, బతికున్నవాళ్ల వెనక తెలుపు. అక్షరమ్ముక్క రాని గొర్రెలకాపరి కూడా ఆ పలక చదివేస్తాడు.

హార్‌కోంబ్ ప్రభువు లండన్‌లో పోయాడని తెలిసినప్పటి నుంచి నాన్న ఒకచోట కూర్చోలేదు. ప్రభువు రెండుసార్లు మంత్రి. చెల్లెల్ని బిషప్పుకిచ్చాడు. ఓట్ల కోసం ఎదుటిపక్షం నాయకుడి కూతురు లేడీ ఆగస్టాను చేసుకున్నాడు. పదవి ఊడగానే మామతో చెడింది, భార్యతో అసలే పడలేదు. ఆమె లిస్బన్ వెళ్లిపోయింది. మూడేళ్లకు అక్కడే జ్వరంతో పోయిందని ఆ ఇంటివాళ్లు ఊరంతా చెప్పారు. పూర్వం ఆమె దగ్గర పనిచేసిన మా అమ్మకి మాత్రం ఏటా క్రిస్మస్‌కి ఆమె చేతిరాతతో ఉత్తరం వస్తూనే ఉంది.

వితంతువు బతికుంటే ఆస్తిలో వాటా ఇవ్వాలి. అందుకే ప్రభువు తమ్ముడు లయొనెల్ దొర స్వయంగా మా కొట్టుకొచ్చాడు.

"రెండు వైపులా నలుపే వెయ్యి, పెట్టిఫర్. నువ్వుంటున్న ఇల్లు ఎవరిదో గుర్తుందిగా."

నాన్న తలూపాడు. ఆ తలూపు చూసి నాకు ఒళ్లు మండింది. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి కదలకుండానే అంది, "బతికున్న మనిషిని నీ కుంచెతో చంపుతావా?"

నాన్న కుంచె అందుకున్నాడు. రెండు వైపులా నలుపే వేశాడు. గురువారం పలక ఎక్కింది. అప్పట్నుంచి నాన్న గుమ్మంలోకి, వీధిలోకి తిరుగుతూనే ఉన్నాడు, మాటిమాటికీ ఆకాశం కేసి చూస్తున్నాడు. సిగ్గుతో నేను ఆయన మొహం చూడలేదు.

శనివారం శవపేటిక వచ్చే వేళకు వాన పట్టుకుంది. బంధువులంతా ఆ ఇంటి మెట్ల మీద, నాన్నా నేనూ ఊరివాళ్లతో కింద నిలబడ్డాం. పలకలో భార్య వైపు నలుపు చారలు కట్టి తలుపు మీదికి కారింది. కింద నుంచి తెలుపు బయటపడింది. బిషప్పు తల పైకెత్తి చూసి, "మీ వదినగారు ఎక్కడున్నారు, లయొనెల్?" అని అందరూ వినేలా అడిగాడు.

లయొనెల్ దొర నాన్న వైపు తిరిగాడు. నాన్న టోపీ తీసి, "తమరు నలుపన్నారు, నలుపే వేశాను దొరా," అన్నాడు.

నాన్న నన్ను తీసుకుని ఇంటికొచ్చాడు. గుమ్మంలో ఆగి, సామాను సర్దమని అమ్మతో అన్నాడు.

"బుధవారమే సర్దాను," అంది అమ్మ. "నీ గిన్నెలో నలుపు ఉత్తి నీళ్లకే వదిలిపోయింది."