అనుమానాల సారు తనిఖీ

మా పింఛన్ల ఆఫీసు సూపరింటెండెంటుగారికి ఉన్న జబ్బు ఒక్కటే, అనుమానం. నమస్కారం పెడితే "ఎందుకూ?" అనేవారు. టీ వేడిగా ఉంటే "ఇవాళ ఇంత శ్రద్ధేమిటి?" అనేవారు. మేమంతా చాటుగా ఆయన్ని అనుమానాల సారు అనేవాళ్ళం. చాటుగా ఏదో అంటున్నామని ఆయనకు అనుమానం.

ఏటా పింఛనుదారులు తాము బతికే ఉన్నట్టు చూపించుకోవడానికి వచ్చేవారు.

"బతికే ఉన్నాను సార్!" అన్నాడొక పెద్దాయన హుషారుగా.

"ఆ మాట చెప్పాల్సింది నేను. ఏదీ, ఓసారి దగ్గండి."

దగ్గు సహజంగా లేదని మళ్ళీ దగ్గించారు.

అలాంటి మనిషి చేతిలో పడింది ఒక టైపిస్టు భార్య దరఖాస్తు. రిటైరైన ఆ టైపిస్టు, గొడుగు బాగుచేయించుకొస్తానని వెళ్ళి మరి తిరిగి రాలేదు. పోలీసులు వెతికి వెతికి, ఆచూకీ లేదని రాసిచ్చారు. ఆయన పింఛను ఆగిపోయింది. కుటుంబ పింఛను మంజూరైతే తప్ప ఆవిడకి ఇల్లు గడవదు.

నాది వచ్చిన ఉత్తరాలు నమోదు చేసుకునే తపాలా సీటైనా, ఆవిడ ఇంట్లో విచారణకి సాక్షిగా నన్ను లాక్కెళ్ళారు. సారు మంచం కింద చూశారు, తలుపు వెనక చూశారు, గుమ్మంలో చెప్పులు తిరగేసి చూశారు. ఆవిడ మరిదికి విసుగొచ్చింది.

"ఇంకెక్కడి అన్నయ్యండీ? పోయినట్టే రాసేసుకోండి. బీమా డబ్బైనా వస్తుంది."

"పోవడం మీరు చూశారా?"

"లేదు."

"అయితే నాకు అనుమానమే. మనిషి ఎక్కడో ఉన్నాడు."

ఆవిడ చప్పున తలెత్తి చూసింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఈయన అనుమానం పుణ్యమా అని ఆ ఇంట్లో పొయ్యి వెలగదనుకున్నాను.

ఆ తరువాత కూడా సారు ప్రతి నెలా తనిఖీ పేరుతో ఆ ఇంటికి వెళ్తూనే ఉన్నారు. దాంతో నాకు ఆయన మీదే అనుమానం పుట్టి, ఒకనాడు వెనకాలే వెళ్ళాను. సారు లోపలి గదిలో బీరువా సోదా చేస్తున్నారు.

"ఇంకా మంజూరు చెయ్యలేదా అమ్మా?" అని గుసగుసగా అడిగాను.

"అయ్యో, మొదటిసారి వచ్చిన వారంలోనే చేసేశారు బాబూ. మనిషి కనిపించకపోతే చాలట, పోయినట్టు రాయక్కర్లేదట."

"మరి ఈ సోదా ఎందుకు?"

"ఊరంతా ఆయన పోయారనే అంటున్నారు. ఈ అన్నయ్యగారొక్కరే ఎక్కడో ఉన్నారని అనుమానపడతారు. ఆ మాట వినడానికే నెలంతా ఎదురుచూస్తాను."

ఇంతలో లోపల్నుంచి కేక వినిపించింది.

"అమ్మా! ఈ చొక్కా ఇస్త్రీ ఇవాళ్టిది! నాకేదో అనుమానంగా ఉంది!"

"ఆయనకి ముడతల చొక్కా గిట్టదండీ. వస్తే వేసుకోవాలి కదా!" అని ఆవిడ నవ్వింది.

"నా అనుమానం కూడా అదేనమ్మా" అంటూ సారు మరోసారి మంచం కిందికి వంగారు.