చెప్పులు విప్పి పబ్బులోకి

ఎనభైల మొదట్లో, నర్సు ఉద్యోగానికి దుబాయ్ వెళ్ళిన కొత్త. అక్కడ సెలవు శుక్రవారం కనుక మన తెలుగువాళ్ళ ఆరాధన కూడా ఆ రోజే. బర్ దుబాయ్‌లో ఓ హోటల్లో జరుగుతుందని విని, బైబిలు పట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళాను.

మొదట కనిపించిన తలుపు తోశాను. నగిషీలు చెక్కిన నల్లటి స్తంభాలు, రంగుటద్దాల కిటికీలు, పొడవాటి బల్లలు, మసక వెలుతురు. అచ్చం నరసాపురంలో దొరలు కట్టిన మా పాత చర్చిలాగే ఉంది! చెప్పులు గుమ్మం దగ్గర విప్పి, ముసుగేసుకుని, మోకరించి కళ్ళు మూసుకున్నాను. ఇంటి మీది బెంగంతా పైకే చెప్పుకుని, "ఇక్కడ కూడుకున్న వారందరినీ దీవించు తండ్రీ, ఆమేన్" అని కళ్ళు తెరిచాను.

ఎదురుగా వరసగా సీసాలు! గ్లాసులు ముందు పెట్టుకుని నన్నే చూస్తున్న తెల్లవాళ్ళు! సిగ్గుతో, భయంతో గబుక్కున లేచి నిలబడ్డాను. ఆస్పత్రిలో తెలిస్తే నా ఉద్యోగం ఖలాస్ అనుకున్నాను.

కౌంటర్ వెనకున్నాయన గబగబా వచ్చాడు.

"భయపడబాక మ్మా. నేను మస్తాన్‌ని, మాది నెల్లూరు. దొరలు వాళ్ళ ఊళ్ళో పాత పబ్బు ఊడదీసి తెచ్చి ఇక్కడ పెట్టుకున్నారు. మీ ప్రార్థన మేడ మీద."

"తెలీక వచ్చేశాను, అన్నా."

"పర్లేదు మ్మా. నువ్వు ఆమేన్ అనేదాకా ఒక్కరూ గ్లాసు ఎత్తలేదు."

మెట్ల దాకా వచ్చి ఆగిపోయాడు.

"అందరినీ దీవించమన్నావే, అందులో నేనూ ఉన్నట్టేనా? ఈ పనిలో పడ్డాక నాకోసం దువా చేసినోళ్ళు లేరు మ్మా."

"ఉన్నావన్నా" అన్నాను.

ఇప్పటికీ ప్రార్థనలో "వారందరినీ" అన్నప్పుడు, నాకు ముందు మస్తానన్నే గుర్తొస్తాడు.