బీరువాలో మోగిన ఫోను

శనివారం పొద్దున సరిగ్గా పదకొండింటికి మా ఊరి బడి ఫోను మోగింది. చేసింది పావగడ లైబ్రరీ ఆయన. ప్రతి శనివారం చేసేవాడు; ఎత్తింది ఎవరైనా సరే, ఆయన మొదటి మాట ఒకటే: "ఏం పుస్తకం కావల్లప్పా?" అడిగిన పుస్తకం సాయంత్రం బస్సులో వచ్చేది. తల నెరిశాక అక్షరాలు దిద్దిన నాకూ అట్లే పంపాడు.

ఆ రోజు మాత్రం అది మోగకముందే హెడ్మాస్టరు ఫోనును బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"పిల్లోళ్లు ముట్టి చెడగొడతాండారప్పా," అన్నాడు.

"మరి బీరువా చదువుతాదా సార్, పుస్తకాలు?" అన్నాను.

హెడ్మాస్టరు తాళంచెవి బల్ల మీద పెట్టాడు. ఏడో తరగతి పిల్ల లక్ష్మి, పరీక్షకు కావలసిన సైన్సు పుస్తకం పేరు చీటీలో రాసుకుని నిలబడే ఉంది. లైబ్రరీ ఆయన మూడుసార్లు చేశాడు. పుస్తకం ఇస్తానని పిలిచే మనిషికి జవాబు లేకుండా చేశామే అని ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ గదిలో ఉన్నది హెడ్మాస్టరు, కన్నడ టీచరు పుట్టమ్మ, చీటీ పట్టుకున్న లక్ష్మి, బల్ల మీది తాళంచెవి చేతికందుతున్నా తీసుకోని నేను.