రెండు వేళ్ల గాటు

కర్నూలు పాతబజారులో కేశవయ్య గుడ్డ చింపుతుంటే చూడటానికే ఆడవాళ్లు ఒక నిమిషం ఆగేవాళ్లు. అంచు దగ్గర రెండు వేళ్ల మేర కత్తెరతో గాటు పెట్టి, అటూ ఇటూ పట్టుకుని ఒక్క లాగు లాగితే గుడ్డ చర్రుమని గీత గీసినట్టు చినిగేది. ముప్పై ఏళ్లుగా అదే పని. కత్తెర ఎప్పుడూ నడుముకు తాడుతో వేలాడుతూ ఉండేది. కింద దుకాణం, మీద ఇల్లు, భార్య రాజ్యలక్ష్మమ్మ, ఇంటర్ చదివే ఒక్కగానొక్క కూతురు పద్మప్రియ. ఎవరిమీదా గొంతు పెంచి ఎరగని మనిషి. ఇదంతా 2009 అక్టోబరుకు ముందు సంగతి.

వాన కోసం కప్పలకు పెళ్లిళ్లు చేసే సీమ ఇది. అలాంటి ఊరిమీదికి తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కరోజే విరుచుకుపడ్డాయి. మోకాళ్ల దాకా ఉన్న నీళ్లు గంట తిరిగేసరికి దుకాణం షట్టరును ముంచేశాయి. వెనక వీధిలో స్నేహితురాలి ఇంటికి వెళ్లిన పద్మప్రియ ఇంకా రాలేదు. కేశవయ్య మేడమీది వరండాలో నిలబడి, కళ్లు కాయలు కాచేలా ఆ వీధి మొగదల వైపే చూస్తున్నాడు.

మొదట్లో అతను మనిషిలాగే ప్రవర్తించాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పైకి తెచ్చి పెట్టిన నూలు చీరలు విప్పి, ఒకదానికొకటి ముడేసి, వరండా కమ్మీకి కట్టి కిందికి వదిలాడు. కొట్టుకొస్తున్న వాళ్లను ఐదుగురిని పైకి లాగాడు. వాళ్లలో మొదటివాడు ఎదురుగా టీ అంగడి నడిపే గిడ్డయ్య. పైకి వచ్చిన గిడ్డయ్య ఊపిరి కూడా సరిగా తీసుకోకుండానే, ఇంతమంది ఎక్కితే వరండా కూలుతుందని గోల మొదలుపెట్టాడు. చీరలతో పాటు పైకి చేరిన దుకాణం ఇనుప మీటరు కడ్డీ తీసుకుని, ఆరోవాడు కమ్మీ మీద చెయ్యి వేయగానే వేళ్లమీద కొట్టాడు. వాడు వదల్లేదు. మళ్లీ కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. వాడు నీళ్లలో పడి, ఒక్కసారి పైకి తేలి, తర్వాత కనపడలేదు. ఇంకొకడి నోటిమీద గిడ్డయ్య కాలితో తన్నాడు. పక్కనున్న నలుగురూ గోడకు అతుక్కుని చూశారు. కేశవయ్య కూడా చూశాడు. ఆపవలసిన మాట నోటిదాకా వచ్చింది కానీ, కూతురు వచ్చేదాకా ఆ కమ్మీ నిలవాలి అనుకుని మింగేశాడు.

అప్పుడు కనిపించింది పద్మప్రియ, హనుమేష్ వీపుమీద. ఇరవై ఏళ్లుగా కేశవయ్యకు బేళ్లు మోసే హమాలీ అతను. తుంగభద్ర ఒడ్డున పుట్టి పెరిగినవాడు. ఎక్కడో కిటికీ పట్టుకుని వేలాడుతున్న పిల్లను వీపున ఎక్కించుకుని, ఆ వరదకు అడ్డంపడి ఈదుకుంటూ వచ్చాడు. చీర అందుకుని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాడు. భుజాలమీదికి ఎక్కించి పిల్లను పైకి తోశాడు.

"శెట్టీ, పాపను లాక్కో. నాకేం తొందర్లేదు, నేను ఈడ పట్టుకోని ఉంటా" అన్నాడు.

పద్మప్రియ రెండు చేతులతో కమ్మీని పట్టుకుంది. తడిసిన బట్టల బరువుకు కాలు పైకి రావడం లేదు. కేశవయ్య, రాజ్యలక్ష్మమ్మ చెరో రెక్క పట్టుకుని లాగుతున్నారు. కమ్మీ కిర్రుమంది. ముందుకు వంగింది. దాని మొదట్లో సిమెంటు పెచ్చు ఊడింది. ఊడిపోతాంది, ఊడిపోతాంది అని వెనకనుంచి గిడ్డయ్య అరుస్తున్నాడు.

కేశవయ్య ఒక చెయ్యి వదిలాడు. ఆ చెయ్యి నడుము దగ్గరికి పోయింది. కమ్మీకి కట్టిన ముడి కింద, చీర అంచుకు రెండు వేళ్ల గాటు పెట్టాడు. మిగతా పని హనుమేష్ బరువే చేసింది. చర్రుమంది. ఏం జరిగిందో తెలియని మనిషి వెల్లకిలా పోయి, దుకాణం బోర్డు ఇనుప చట్రానికి తల కొట్టుకుని నీళ్లలోకి జారిపోయాడు. అక్కడ నీళ్లు కాసేపు ఎర్రగా తిరిగాయి. పద్మప్రియ అదంతా జానెడు దూరం నుంచి చూసింది.

మూడోనాడు బురదలో శవం దొరికింది. చేతికి చీర చుట్టుకునే ఉంది. వారం తర్వాత, కమ్మీ ఊగుతోందని పీకించడానికి మేస్త్రీని పిలిస్తే, గోడలోకి మూరెడు దిగిన ఆ ఇనుమును గడ్డపారతో పెకలించడానికి అతనికి పూట పట్టింది. ఇది పదిమందిని మోస్తుంది, ఎందుకు తీపిచ్చినావు శెట్టీ అని అతను నవ్వాడు. కేశవయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు. ముట్టమని కూతురు అడగనూ లేదు.

పన్నెండోనాడు హనుమేష్ పెళ్లాం వెంకటేశ్వరమ్మ దుకాణానికి వచ్చి, మీటరు తెల్లగుడ్డ అడిగింది. కేశవయ్య తల ఎత్తకుండా కొలిచి, అలవాటు కొద్దీ గాటు పెట్టి చింపాడు. ఆమె కొంగులోంచి ఆ చీర ముక్క తీసి తెల్లగుడ్డ పక్కన పరిచింది. రెండింటికీ ఒకటే పొడవు గాటు. ఆ తర్వాతిది చిరుగు.

పాప కోసం అని కేశవయ్య ఏదో గొణిగాడు.

"పాప కోసమే, నాకు తెల్దా?" అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఆయప్పకు ఏటిని ఈదేది కొత్తనా శెట్టీ? కమ్మీ ఊడిపోతాంది, ఇడ్సప్పా అని ఒక్క మాట చెప్పింటే, ఆయప్పే ఇడ్సేసి ఈదుకుంటా పోయుండేవాడు."

చీర ముక్కను మడిచి కొంగులో పెట్టుకుంది. తెల్లగుడ్డను బల్లమీదే వదిలేసి వెళ్లిపోయింది. ఇప్పుడు కేశవయ్య దుకాణంలో రెడీమేడ్ బట్టలే దొరుకుతాయి. గుడ్డ చింపరు.